వీడియో గేమ్ నేర్పిన విద్య ఎంత దూరం నడుస్తుంది?

వీడియో గేములు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అన్న ప్రశ్నకు శాస్త్రం సూటిగా జవాబు చెప్పలేకపోవడానికి మొదటి కారణం ఆ ప్రశ్నలోనే ఉంది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన టెట్రిస్‌లో పైనుంచి జారే దిమ్మెలను సందు లేకుండా పేర్చడం తప్ప మరో పని లేదు. శత్రువు ఏ మూల నుంచి వస్తాడో తెలియని యుద్ధభూమిలో తుపాకీతో పరుగెత్తించే ఆట వేరు. నెలల తరబడి ఒక నగరాన్ని కట్టించి, పన్నులు వేయించి, రోడ్లు పోయించే ఆట వేరు. డబ్బు పెట్టి ఫోన్‌లో ఆడే రమ్మీ వీటన్నిటికీ దూరపు చుట్టం కూడా కాదు. వీటన్నిటినీ ఒకే పేరు కింద చేర్చి మంచిదా, చెడ్డదా అని తేల్చమనడం, తిండి ఆరోగ్యానికి మంచిదేనా అని వైద్యుణ్ణి అడగడం వంటిది. అందువల్ల ఈ విషయంలో పని చేసిన పరిశోధకులు ప్రశ్నను ముక్కలు చేసుకున్నారు. ఫలానా రకం ఆట మనసులోని ఫలానా శక్తిని పెంచుతుందా, పెంచితే అది ఆట బయట కూడా పనికి వస్తుందా అన్నది వాటిలో అతి ముఖ్యమైన ముక్క.

ఒకచోట నేర్చుకున్నది మరొకచోట అక్కరకు రావడాన్ని మనోవిజ్ఞాన శాస్త్రంలో అభ్యసన బదలాయింపు అంటారు. ఈ చర్చ వీడియో గేములకంటే చాలా పాతది. లాటిన్, రేఖాగణితం వంటి కఠిన విషయాలు నేర్పితే బుద్ధి మొత్తం పదునెక్కుతుందన్న నమ్మకం బలంగా ఉన్న కాలంలో, 1901లో అమెరికన్ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ థార్న్‌డైక్, రాబర్ట్ వుడ్‌వర్త్ కలిసి దాన్ని పరీక్షకు పెట్టి, రెండు పనుల మధ్య ఉమ్మడి అంశాలు ఎంత ఉంటే బదలాయింపు అంతవరకే జరుగుతుందని ప్రతిపాదించారు. 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగ ప్రవీణులపై చేసిన ప్రయోగం దీనికి గట్టి ఉదాహరణగా నిలిచింది: నిజమైన ఆటలోని బలగాల అమరికను కొద్ది క్షణాలు చూసి తిరిగి పేర్చడంలో ప్రవీణులు సామాన్యులను ఎంతో మించిపోయారు గాని, అవే పావులను అడ్డదిడ్డంగా పరచి చూపినప్పుడు వారి ఆధిక్యం దాదాపు మాయమైంది. వారి జ్ఞాపకశక్తి చదరంగపు జ్ఞాపకశక్తే తప్ప సర్వసాధారణమైనది కాదన్నమాట. (అష్టావధానంలో పృచ్ఛకులు ఎన్ని ఆటంకాలు కల్పించినా అవధాని పద్యపాదాలను పొల్లుపోకుండా ధారణ చేయడంలో ఛందస్సు చేసే సాయం ఎంతో, ఛందస్సు లేని జాబితా ఇస్తే ఏమవుతుందో అన్నది ఇదే కోవకు చెందిన, పరీక్షించదగిన ప్రశ్న.) కాబట్టి ఏదైనా ఆట ఆడేవారి అవధానాన్ని, అంటే దృష్టిని అవసరమైన చోట నిలిపి అనవసరమైన దాన్ని వదిలించుకునే శక్తిని, మొత్తంగా పెంచిందని ఎవరైనా చెప్తే అది నూరేళ్ల అనుభవానికి ఎదురీదే మాట అవుతుంది.

సరిగ్గా అలాంటి మాటే 2003లో నేచర్ పత్రికలో వెలువడింది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పని చేస్తున్న సి. షాన్ గ్రీన్, డాఫ్నీ బావెలియే, వేగంగా గురిచూసి కాల్చే 'యాక్షన్' ఆటలు ఆడేవారిని, ఆడనివారిని కొన్ని దృష్టి పరీక్షలలో పోల్చి చూశారు. చూపును తెర మధ్యలో నిలిపి ఉంచుతూనే అంచున క్షణకాలం మెరిసిన గుర్తును పసిగట్టడం, ఒక్కసారి మెరిసి మాయమైన చుక్కల సంఖ్య చెప్పడం, గబగబా వచ్చిపోయే అక్షరాల వరుసలో ఒకదాని వెనుక ఒకటిగా రెండు లక్ష్యాలను పట్టుకోవడం ఆ పరీక్షలలో ఉన్నాయి. ఈ చివరి దానిలో, మొదటి లక్ష్యాన్ని గుర్తించిన తరువాత సుమారు అర సెకను లోపు వచ్చిన రెండవదాన్ని మనసు జారవిడుస్తుంది. కన్ను తెరిచే ఉన్నా మనసు రెప్ప వేసినట్టుండే ఈ స్థితిని అవధానపు రెప్పపాటు అంటారు. అన్ని పరీక్షలలోనూ ఆటగాళ్లే ముందున్నారు. అయితే చురుకైన దృష్టి ఉన్నవారే అలాంటి ఆటల వైపు మొగ్గుతారేమో అన్న అనుమానం వెంటనే వస్తుంది గనుక, పరిశోధకులు అంతకుముందు ఆటలు ఆడని వారిని తీసుకుని, కొందరిచేత రోజుకు ఒక గంట చొప్పున పది రోజులు 'మెడల్ ఆఫ్ ఆనర్' అనే యుద్ధపు ఆటను, మిగిలిన వారిచేత టెట్రిస్‌ను ఆడించారు. యుద్ధపు ఆట ఆడినవారు టెట్రిస్ బృందం కంటే ఎక్కువగా మెరుగుపడ్డారు.

పది గంటల ఆటతో అవధానం విస్తరించిందన్న వార్త ఎంత ఉత్సాహాన్ని రేపిందో, అంతే నిశితమైన శల్యపరీక్షకూ గురైంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ బూట్, ఆర్థర్ క్రామర్, డేనియల్ సైమన్స్ తదితరులు 2008లో ఇరవై గంటలకు పైగా శిక్షణ ఇచ్చి చూసినా, తలపండిన ఆటగాళ్లకూ కొత్తవారికీ తేడా కనిపించింది గాని, శిక్షణవల్ల కొత్తవారిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తరువాత అదే వర్గం లేవనెత్తిన అభ్యంతరం, ఈ రంగానికే కాక మనోవిజ్ఞాన ప్రయోగాలన్నిటికీ వర్తించేది కనుక, కొంత వివరంగా చూడదగినది. మందుల పరీక్షలో ఒక బృందానికి అసలు మాత్ర, మరో బృందానికి అచ్చు అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. తాను మింగింది ఏదో రోగికి తెలియదు కనుక నమ్మకంవల్ల కలిగే మెరుగుదల రెండు వైపులా సమానమై, మిగిలిన తేడా మందుదే అని చెప్పడానికి వీలవుతుంది. వీడియో గేమ్ విషయంలో ఈ సౌకర్యం లేదు, ఎందుకంటే తాను ఆడుతున్నది యుద్ధమో టెట్రిస్సో ఆడేవారికి తెలియకుండా దాచలేరు. బూట్, సైమన్స్ బృందం చేసిన పని చాలా సరళం: ఎవరికీ ఏ శిక్షణా ఇవ్వకుండా, ఆటల వీడియోలను, పరీక్షల వివరాలను చూపించి, ఏ ఆట ఆడితే ఏ పరీక్షలో మెరుగవుతారని అనుకుంటున్నారని అడిగారు. జనం ఊహించినదీ, ప్రచురిత ప్రయోగాలలో వచ్చిన ఫలితాలూ ఒకే తీరులో ఉన్నాయని 2013లో వెల్లడించారు. దీనివల్ల పాత ఫలితాలు తప్పని రుజువు కాలేదు. ఆ ఫలితాలలో ఆట వాటా ఎంత, ఆశ వాటా ఎంత అన్నది విడదీయకుండానే తీర్పు ఇచ్చారని మాత్రం తేలింది.

పోలికలలో మరో లోపం ఉంది. వారానికి పదుల గంటలు ఆడేవారిని ఒక కొసన, అసలు ఆడనివారిని మరో కొసన నిలబెట్టి పోలిస్తే చిన్న తేడా కూడా పెద్దదిగా కనిపిస్తుంది. నాష్ అన్స్‌వర్త్ తదితరులు 2015లో మధ్యస్థంగా ఆడేవారిని కూడా కలుపుకుని, ఎక్కువమందిని పరీక్షించినప్పుడు ఆటకూ బుద్ధి సామర్థ్యాలకూ మధ్య సంబంధం చాలా పలచబడిపోయింది.

ఇలాంటి పరస్పర విరుద్ధ ఫలితాలు పోగుపడ్డప్పుడు శాస్త్రవేత్తలు ఆశ్రయించే పద్ధతి సమాహార విశ్లేషణ, అంటే అనేక అధ్యయనాల అంకెలను ఒకే కొలమానం మీదికి తెచ్చి కలిపి లెక్కించడం. 2018లో ఒకే పత్రికలో, సైకలాజికల్ బులెటిన్‌లో, ఇలాంటివి రెండు వచ్చి రెండు దారులు పట్టడం ఈ రంగపు పరిస్థితికి అద్దం పడుతుంది. బెనోయి బెదియు, బావెలియే తదితరుల లెక్కలో యాక్షన్ ఆటగాళ్లకూ ఇతరులకూ తేడా 0.55 ప్రామాణిక విచలనాలు కాగా, శిక్షణ ఇచ్చి చూసిన ప్రయోగాలలో అది 0.34కు తగ్గింది. ప్రామాణిక విచలనమంటే మార్కులు సగటు నుంచి అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. దానిలో మూడో వంతు మెరుగుదల కొట్టిపారేయదగినది కాదు, జీవితాన్ని మార్చేసేదీ కాదు. జొవాన్నీ సాలా, ఫెర్నాండ్ గోబే తదితరులు మరికొన్ని ఆటలను, విస్తృతమైన సామర్థ్యాలను కలుపుకుని లెక్కించి, శిక్షణ ప్రభావం దాదాపు శూన్యమని తేల్చారు. లోతుగా చూస్తే ఈ రెంటికీ వైరుధ్యం పైకి కనిపించినంత లేదు. యాక్షన్ ఆట ప్రతి క్షణం అడిగే పని, అంటే తెరంతా కనిపెట్టి ఉండి పనికొచ్చేదాన్ని వేరు చేసే పని, అందులో కొంత సాధన కుదురుతుందనడానికి ఆధారం ఉంది. ఆ సాధన లెక్కలకో, చదువుకో, తర్కానికో పాకుతుందనడానికి ఆధారం లేదు. థార్న్‌డైక్ చెప్పిన ఉమ్మడి అంశాల హద్దు దాదాపు చెక్కుచెదరకుండానే ఉంది.

ఈ హద్దును తెలిసి వాడుకున్నవారు లాభపడ్డారు కూడా. డానియల్ గోఫర్ తదితరులు 1994లో ప్రచురించిన ఇజ్రాయెల్ వైమానిక దళ అధ్యయనంలో 'స్పేస్ ఫోర్ట్రెస్' అనే ఆటను పది గంటలపాటు ఆడిన శిక్షణార్థులు, ఆడని వారికంటే నిజమైన విమానయానంలో మంచి మార్కులు పొందారు. అయితే అది కాలక్షేపానికి పుట్టిన ఆట కాదు, క్లిష్టమైన నైపుణ్యాలు ఎలా అలవడతాయో చూడడానికి ప్రయోగశాలలో రూపొందించినది. దృష్టిని ఒక పని నుంచి మరో పనికి ఎప్పుడు, ఎంత మళ్లించాలో శిక్షణార్థులకు పద్ధతిగా నేర్పుతూ ఆడించారు. తరచూ ఉదహరించే శస్త్రవైద్యుల అధ్యయనానికి ఇంత బలం లేదు. న్యూయార్క్‌లో జేమ్స్ రోసర్ తదితరులు 2007లో 33 మందిని పరిశీలించి, గతంలో వారానికి మూడు గంటలకు పైగా వీడియో గేములు ఆడినవారు లాపరోస్కోపీ అభ్యాసాలలో 37 శాతం తక్కువ పొరపాట్లు చేసి, 27 శాతం వేగంగా ముగించారని నివేదించారు. చిన్న రంధ్రం గుండా పరికరాలు పంపి, తెర మీది బొమ్మను చూస్తూ చేసే ఆ శస్త్రచికిత్సకూ ఆటకూ ఉమ్మడి అంశాలు స్పష్టంగా ఉన్నాయి గనుక ఫలితం నమ్మదగినట్టే ఉంటుంది. కాని చేతివాటం ఉన్నవారికే ఆటలూ అబ్బి, ఆపరేషన్లూ అబ్బాయా అన్న ప్రశ్నను ఇలాంటి సహసంబంధం, అంటే రెండు విషయాలు కలిసి కనిపించడం, తీర్చలేదు. పిల్లవాడు ఆడుకుంటుంటే కాబోయే సర్జన్ అని మురిసిపోవడానికి 33 మంది చాలరు.

చికిత్సగా ఆటను వాడిన ప్రయత్నాలలోనూ ఇదే కథ నడిచింది. బాల్యంలో ఒక కంటి సంకేతాలను మెదడు సరిగా అందుకోకపోవడంవల్ల ఆ కంటి చూపు మందగించే స్థితిని ఆంబ్లియోపియా, వాడుకలో 'లేజీ ఐ' అంటారు. పెద్దయ్యాక దానికి చికిత్స పనిచేయదని చాలాకాలం భావించారు. 2011లో బర్కిలీలోని డెనిస్ లెవై బృందం, మంచి కంటికి కట్టు కట్టి, మందగించిన కంటితో పెద్దవారిచేత 40 గంటలు ఆటలు ఆడిస్తే చూపు మెరుగైందని చూపించింది. చిత్రమేమిటంటే, యుద్ధపు ఆట కానిది ఆడినవారిలోనూ ఆ మెరుగుదల కనిపించింది. అయితే రెండు కళ్లనూ కలిపి పని చేయించేలా తీర్చిదిద్దిన ఒక ఆటను, పైకి అలాగే కనిపించే ఉత్తుత్తి ఆటతో నిక్కచ్చిగా పోల్చిన 2018 నాటి పరీక్షలో అసలు ఆటకు ఏ ఆధిక్యమూ దక్కలేదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆడమ్ గాజలీ బృందం రూపొందించిన 'న్యూరోరేసర్' కథ మరింత దూరం సాగింది. కారు నడుపుతూనే దారిలో కనిపించే గుర్తులకు స్పందించాల్సిన ఈ ఆటను నెల రోజుల్లో సుమారు 12 గంటలు ఆడిన 60-85 ఏళ్లవారు, శిక్షణ లేని ఇరవై ఏళ్లవారిని ఆ ఆటలోనే మించిపోయారని 2013లో ప్రచురించారు. దాని వారసురాలిగా వచ్చిన 'ఎండెవర్ ఆర్ఎక్స్' అనే ఆటను, అవధాన లోపంతో బాధపడే 8-12 ఏళ్ల పిల్లలకు వైద్యుడు రాసి ఇచ్చేందుకు 2020 జూన్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. అనుమతికి ఆధారమైన ప్రధాన పరీక్షలో 348 మంది పిల్లలు పాల్గొన్నారు. కంప్యూటర్ మీద కొలిచే అవధాన పరీక్షలో ఆ ఆట ఆడినవారు పదాల ఆట ఆడినవారికంటే మెరుగయ్యారు. తల్లిదండ్రులు ఇంట్లో గమనించిన లక్షణాలలో మాత్రం రెండు బృందాలకూ తేడా లేదు. కంప్యూటర్ తెర మీద నేర్చినది మరో కంప్యూటర్ తెర దాకా వెళ్లి అక్కడ ఆగిపోయిందన్న నిర్ధారణకు ఈ అంకెలు చోటిస్తాయి.

కీడు గురించిన చర్చలో హింస ఆక్రమించినంత చోటు మరేదీ ఆక్రమించలేదు, దానికి తగిన ఆధారం మాత్రం పోగుపడలేదు. తుపాకీ ఆటలు ఆడిన వెంటనే చిన్న ప్రయోగాలలో కొంత కసి కనిపిస్తుందన్నవారు ఉన్నారు. బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల వయసున్న సుమారు వెయ్యి మందిని పరిశీలించిన ఆండ్రూ షిబిల్‌స్కీ, నెట్టా వైన్‌స్టీన్, ఏమి కొలుస్తారో, ఎలా లెక్కిస్తారో ముందే నమోదు చేసి, 2019లో హింసాత్మక ఆటలకూ దుడుకు ప్రవర్తనకూ సంబంధం దొరకలేదని ప్రకటించారు. జర్మనీలో పెద్దవారిచేత రెండు నెలలపాటు రోజూ 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' ఆడించిన ప్రయోగంలోనూ దుడుకుతనం పెరగలేదు.

ఆట సమయంలో మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందన్న మాటను కూడా జాగ్రత్తగా అందుకోవాలి. లండన్‌లో 1998లో ఎనిమిది మంది పురుషులపై జరిగిన స్కానింగ్ అధ్యయనం ఆ సంగతిని మొదటిసారి చూపింది. దాన్ని పట్టుకుని ఆటలు మాదకద్రవ్యాలతో సమానమని ప్రచారం చేసినవారు, ఆకలితో ఉన్నవాడు అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా డోపమైన్ పని చేస్తుందన్న విషయాన్ని పక్కన పెట్టారు.

శరీరానికి నిజంగా జరిగే నష్టం తెరమీద ఏముందన్న దానికంటే గడియారం ఎంత చూపుతోందన్న దానిమీద ఆధారపడి ఉందనడానికి నిద్ర పరిశోధన మంచి సాక్ష్యం. ఆస్ట్రేలియాలో 2010లో ప్రచురితమైన ప్రయోగంలో, పడుకునే ముందు 50 నిమిషాలు హింసాత్మకమైన ఆట ఆడిన కౌమార బాలురకు, డాక్యుమెంటరీ చిత్రం చూసినవారికంటే నిద్ర పట్టడానికి కొద్ది నిమిషాలే ఎక్కువ పట్టింది. అలాంటి ఆటనే 150 నిమిషాలు ఆడించి చూసిన తరువాతి ప్రయోగంలో మొత్తం నిద్ర సుమారు 27 నిమిషాలు తగ్గింది. ప్రయోగశాలలో ఆటను ఆపమని చెప్పేవారుంటారు. ఇంట్లో రాత్రి ఒంటిగంటకు జట్టులోని మిగతా ముగ్గురూ ఇంకా ఆడుతుండగా ఫోన్ పక్కన పెట్టాల్సిన పిల్లవానికి ఆ సౌకర్యం లేదు. 5 నుంచి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకబారడం, ఆరుబయట వెలుతురులో ఎక్కువ సేపు గడిపే పిల్లలలో తక్కువని 2008లో వెలువడిన సిడ్నీ అధ్యయనం చూపింది. ఆట లాక్కునేది ఈ నిద్రను, ఈ శ్రమను, ఈ వెలుతురును అయితే నష్టం ఖాయం. వృథాగా టీవీ చూసే సమయాన్నే అయితే లెక్క మారుతుంది. ఆటచేతనే నడిపించవచ్చన్న ఆశ కూడా ఎక్కువ కాలం నిలవలేదు: 2016లో 'పోకేమాన్ గో' వచ్చినప్పుడు ఆడేవారు మొదటి వారంలో రోజుకు సగటున 955 అడుగులు ఎక్కువ నడిచారు గాని, ఆరో వారానికి ఆ పెరుగుదల మిగలలేదు.

ఆట అదుపు తప్పడం ఒక రుగ్మతగా గుర్తింపు పొందడానికి చాలా వాదోపవాదాలు జరిగాయి. 2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పులో 'గేమింగ్ డిజార్డర్' చేరింది. దానికి గంటల లెక్క లేదు. ఆటమీద అదుపు కోల్పోవడం, ఇతర ఆసక్తులకూ దినచర్యకూ మించి ఆటకు ప్రాధాన్యం ఇవ్వడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం, వీటివల్ల చదువు, ఉద్యోగం, సంబంధాలు గట్టిగా దెబ్బతినడం, ఇదంతా సాధారణంగా 12 నెలలపాటు సాగడం అన్నవే ప్రమాణాలు. 2021లో ప్రచురితమైన ఒక సమాహార విశ్లేషణ ప్రపంచవ్యాప్తంగా ఇది సుమారు 3 శాతం మందిలో ఉందని, నమూనా ఎంపిక కట్టుదిట్టంగా ఉన్న అధ్యయనాలనే లెక్కిస్తే 2 శాతానికి చేరువని చెప్పింది. బెంగళూరులోని నిమ్హాన్స్ 2014లోనే ఇలాంటివారి కోసం ప్రత్యేక క్లినిక్‌ను తెరిచింది. గంటల మీద ఆంక్షలు పెట్టిన దేశాల అనుభవం అంత ఆశాజనకంగా లేదు: 16 ఏళ్లలోపువారు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆడకుండా దక్షిణ కొరియా 2011లో తెచ్చిన నిబంధన దశాబ్దం తరువాత రద్దయింది, చైనా 2019లో పెట్టిన ఆంక్షల అనంతరం అతిగా ఆడడం తగ్గినట్టు ఆధారం దొరకలేదని 2023 నాటి ఒక విస్తృత విశ్లేషణ పేర్కొంది, అయితే అందులో మైనర్లను విడిగా లెక్కించే వీలు లేకపోయింది.

తెలుగు రాష్ట్రాలలో ఈ చర్చ ఎక్కువగా డబ్బు చుట్టూ తిరిగింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై పెట్టిన కేసులో, 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని తీర్పు చెప్పింది: పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో నేర్పుతో నిర్ణయించాలి గనుక అది కేవలం అదృష్టం మీద నడిచే జూదం కాదని ఆ వాదన. ఆ తీర్పు నీడలోనే దశాబ్దాల తరువాత ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారం పెరిగింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, ఆన్‌లైన్ సామాజిక ఆటలను ఒక వైపు ఉంచి, డబ్బు ఆటలను, అవి నైపుణ్యం మీద నడిచినా అదృష్టం మీద నడిచినా, నిషేధపు గీత అవతల నిలబెట్టింది. న్యాయస్థానం అడిగిన ప్రశ్న గెలుపు ఆటగాడి నేర్పును బట్టి వస్తుందా అన్నది. మనోవిజ్ఞానం అడిగేది ఆ నేర్పు పేకముక్కల అవతల మరెక్కడైనా పనికి వస్తుందా అని, ఓడుతున్నప్పుడు ఆటగాడు లేవగలుగుతున్నాడా అని. పడిన ముక్కలన్నీ తప్పులేకుండా గుర్తుంచుకునే ఆటగాడికి కూడా, ఎప్పుడు లేవాలో తెలిసే శక్తి ఆ జ్ఞాపకంతోపాటు వస్తుందనడానికి అభ్యసన బదలాయింపు పరిశోధనలో ఏ ఆసరా లేదు.